ఖాతాకు మాటిమాటికీ తాళం పడుతుంటే

మన సరిహద్దు పల్లెలలో ప్రొద్దున్నే బస్సెక్కి హోసూరుకో, బెంగుళూరుకో, కోలారుకో ఉద్యోగానికి వెళ్ళే బిడ్డ లేని వీధి ఈనాడు అరుదు. వారిలో చాలామంది కార్యాలయంలో కూర్చోగానే చేసే మొదటి పని తమ పేరును, పాస్‌వర్డును టైపు చేయడం. అవి సరిపోతేనే కంప్యూటరు తెరుచుకుంటుంది. సరిపోకపోతే, కొన్ని ప్రయత్నాల తరువాత, ఖాతాకు తాళం పడినదని, అధికారిని సంప్రదించవలసినదని ఒక సందేశం కనబడుతుంది. దీనినే లాకౌట్ అంటారు. ఏడాదికి ఒకసారి జరిగితే ఎవరూ పట్టించుకోరు. ఒకే దినాన మూడు నాలుగుసార్లు జరిగితే మాత్రం ఆ ఉద్యోగి మతిమరుపు మనిషి అన్న పేరు పడుతుంది.

నా మేనకోడలికి అదే జరిగింది. హోసూరు సమీపాన ఒక కర్మాగారంలో, లెక్కల విభాగంలో ఆమె చేరి అప్పటికి ఏడాదిన్నర. ఉద్యోగం ఇంకా స్థిరపడలేదు. రెండేళ్ళ క్రితం ఆగస్టు మాసంలో మొదలైన ఈ బాధ అక్టోబరు దాకా సాగింది. తాళం పడిన ప్రతిసారీ కంప్యూటర్ల విభాగానికి ఫోను చేయాలి. వారు తీరికైనప్పుడు తాళం తీస్తారు. గంట గడవకముందే మళ్ళీ పడుతుంది. పాస్‌వర్డు గుర్తుంచుకోలేని మనిషికి జీతాల లెక్క ఎలా అప్పగించేదని విభాగాధిపతి నలుగురి ఎదుట అన్నాడట. ఒక మెమో కూడా ఇచ్చారు. ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి, "మామా, నేను తప్పు కొట్టడం లేదు. కొన్నాళ్ళు నేను కుర్చీలో కూర్చోకముందే తాళం పడి ఉంటున్నది. ఈ మాట చెబితే నవ్వుతున్నారు" అని కన్నీరు పెట్టుకున్నది.

ఆమె చెప్పినది అక్షరాలా నిజమని తరువాత తేలింది. అది ఎలా సాధ్యమో వివరించడమే ఈ వ్యాసం పని. నేను కంప్యూటరు ఇంజనీరును కాను. మా పాఠశాలలోని కంప్యూటర్ల గదిని చూసుకునే బాధ్యత నా మీద పడినందున నేర్చుకున్నది కొంత, నెట్‌వర్కు పనిలో ఉన్న ఒక పూర్వ విద్యార్థి విడమరచి చెప్పినది కొంత, ఇక్కడ వ్రాస్తున్నాను.

కార్యాలయపు కంప్యూటర్లు ఒక కేంద్ర సర్వరుకు లోబడి ఉంటాయి. విండోస్ వాడే సంస్థలలో ఈ ఏర్పాటుకు యాక్టివ్ డైరెక్టరీ అని పేరు. ఇది విండోస్ 2000 సర్వరుతో కలిసి వచ్చింది. పూర్వం ఊరి భూముల లెక్క కరణం దస్త్రంలో ఉన్నట్లు, ఉద్యోగులందరి ఖాతాల వివరాలు ఈ డైరెక్టరీలో ఉంటాయి. దానిని నడిపే సర్వరును డొమైన్ కంట్రోలర్ అంటారు. మీరు ఏ బల్ల దగ్గర కూర్చుని పాస్‌వర్డు కొట్టినా, అది సరియైనదా కాదా అని తేల్చేది ఆ సర్వరే.

తాళానికి సంబంధించి ఆ సర్వరులో మూడు అంకెలు నిర్ణయించి ఉంటాయి. ఎన్ని తప్పు ప్రయత్నాలకు తాళం వేయాలన్నది మొదటిది. ఆ తప్పుల లెక్కను ఎన్ని నిమిషాల తరువాత తుడిచివేయాలన్నది రెండవది. పడిన తాళం ఎన్ని నిమిషాలకు దానంతట అదే ఊడాలన్నది మూడవది. మా మేనకోడలి కార్యాలయంలో ఇవి 5, 30, 30. మొదటి అంకెను సున్న చేస్తే అసలు తాళమే పడదు. మూడవ అంకెను సున్న చేస్తే అధికారి వచ్చి తీసేదాకా తాళం ఊడదు. ఈ రెండు సున్నలకు ఉన్న భేదం తెలియక కొన్నిచోట్ల చిక్కులు తెచ్చుకుంటారని మా విద్యార్థి నవ్వుతూ చెప్పాడు. ఈ ఏర్పాటు ఉద్యోగిని వేధించడానికి పెట్టినది కాదు. దొంగలు యంత్రాల సహాయంతో క్షణానికి ఎన్నో పాస్‌వర్డులను వరుసగా ప్రయత్నించగలరు. వారిని ఆపడానికే ఇది. 2022లో విండోస్ 11కు వచ్చిన మార్పుతో, కొత్త కంప్యూటరులోని స్థానిక ఖాతాలకు సైతం పది తప్పులకు పది నిమిషాల తాళం ముందుగానే అమర్చి వస్తున్నది.

అయితే ఒక సంగతి మరువరాదు. సర్వరు మనిషిని చూడదు. దాని వద్దకు వచ్చేవి ఒక పేరు, ఒక పాస్‌వర్డు మాత్రమే. వాటిని పంపినది ఉద్యోగి వేళ్ళా, లేక ఎక్కడో మూలనున్న యంత్రమా అన్నది తప్పులను లెక్కించేటప్పుడు దానికి అక్కరలేదు. మేనకోడలి మాట నమ్మనివారు తెలుసుకోవలసినది ఇదే.

మనిషి వలన జరిగే తప్పులను ముందు చూద్దాం. క్యాప్స్ లాక్ వెలిగి ఉండడం, అంకెల మీట ఆగి ఉండడం అందరికీ తెలిసినవే. మూడు నాలుగు భాషల మధ్య బ్రతికే మనకు ప్రత్యేకమైనది మరొకటి ఉన్నది. మన పిల్లలు పనిచేసే చోట్ల ఒకే కంప్యూటరులో ఇంగ్లీషు, తమిళం, కన్నడం, ఒక్కోచోట తెలుగు కీబోర్డులు కూడా ఉంటాయి. విండోస్ గుర్తు ఉన్న మీటను, స్పేస్ బారును కలిపి నొక్కితే భాష మారుతుంది. తెలియకుండా చేయి తగిలినా మారుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అమరికలో ఇంగ్లీషు కె మీద నొక్కితే క పడుతుంది, ఎచ్ మీద ప, జె మీద ర. మామూలు ఉత్తరంలో అయితే వెంటనే కనిపెడతాము. పాస్‌వర్డు గడిలో చుక్కలు తప్ప మరేమీ కనబడవు కనుక, అదే మాటను ఐదుసార్లు శ్రద్ధగా కొట్టి ఐదు తప్పులు చేస్తాము. ఒకటికంటె ఎక్కువ కీబోర్డులున్న కంప్యూటరులో ప్రవేశ తెర కుడివైపు అడుగున భాష గుర్తు ఉంటుంది. రెండవసారి తప్పయిన వెంటనే చేయి ఆపి ఆ గుర్తును చూడాలి. గడి చివర కన్ను బొమ్మ ఉంటే దానిని నొక్కి, పక్కన ఎవరూ లేనప్పుడు, కొట్టినదేమిటో చూసుకోవచ్చు. ఈ ఒక్క అలవాటుతో మా పాఠశాలలో సగం ఫిర్యాదులు తగ్గాయి.

ఇక యంత్రాల వలన జరిగేవి. పదే పదే పడే తాళాలకు మూలం చాలావరకు ఇక్కడే ఉంటుంది. కార్యాలయాలలో కొన్ని నెలలకొకసారి పాస్‌వర్డు మార్చమంటారు. మనం ఒకచోట మారుస్తాము. కానీ పాతది ఎన్ని చోట్ల దాగి ఉన్నదో మనకు గుర్తుండదు. ఎప్పుడో "గుర్తుంచుకో" అన్న గడిలో టిక్కు పెట్టి ఉంటాము. అది కంట్రోల్ ప్యానెల్‌లోని క్రెడెన్షియల్ మేనేజర్ అనే చోట భద్రంగా కూర్చుని ఉంటుంది. వేరొక గదిలోని కంప్యూటరులో పని ముగించి, బయటికి రాకుండానే తెర మూసి లేచిపోయి ఉంటాము. అది పాత పాస్‌వర్డుతోనే పనిచేస్తూ ఉంటుంది. దూరం నుండి రిమోట్ డెస్క్‌టాప్ ద్వారా సర్వరులోకి వెళ్ళి, సరిగా ముగించకుండా కిటికీ మాత్రం మూసివేసినా అంతే. కాగితాన్ని స్కాన్ చేసి నేరుగా ఫోల్డరులో వేసే పెద్ద జిరాక్సు యంత్రంలో ఎవరిదో ఒకరి పేరు, పాస్‌వర్డు పెట్టి ఉంటారు. రాత్రిపూట దానంతట అదే నడిచే బ్యాకప్ పనికి కూడా ఒక ఉద్యోగి ఖాతానే వాడే దుర్వ్యసనం కొన్ని సంస్థలలో ఉన్నది. కార్యాలయపు వైఫైకి, కార్యాలయపు మెయిలుకు కలిపిన చేతి ఫోను సంగతి చెప్పనే అక్కరలేదు. వీటిలో ప్రతి ఒక్కటీ పాత తాళంచెవితో తలుపు తడుతూనే ఉంటుంది. ఐదవసారి తట్టగానే తాళం పడుతుంది. అప్పుడు ఉద్యోగి టీ త్రాగుతూ ఉండవచ్చు, బస్సులో ఉండవచ్చు, నిద్రలో ఉండవచ్చు.

కనుక తాళం తీయడం చికిత్స కాదు. పాస్‌వర్డును మళ్ళీ మార్చడం అంతకన్న పొరపాటు. పాతవాటి సంఖ్యకు మరొకటి చేరుతుంది. మా మేనకోడలి చేత నెలలో మూడుసార్లు అలా మార్పించారు. తట్టుతున్నది ఎవరో కనిపెట్టకుండా తాళం తీసి పంపడం, కారుతున్న కప్పు క్రింద బిందె మార్చడం వంటిదే.

కనిపెట్టడం సాధ్యమేనా? సాధ్యమే, అదీ నిమిషాలలో. డొమైన్ కంట్రోలర్లు ఎన్ని ఉన్నా, వాటిలో ఒకదానికి పీడీసీ ఎమ్యులేటర్ అనే పదవి ఉంటుంది. మిగిలిన సర్వర్లు తప్పని తేల్చిన పాస్‌వర్డును మరొకసారి దానికి చూపిస్తాయి. కనుక తాళాల కథ అంతా దాని వద్ద దొరుకుతుంది. తాళం పడిన ప్రతిసారీ సర్వరు తన భద్రతా చిట్టాలో 4740 అనే సంఖ్యతో ఒక నమోదు చేస్తుంది. 2003 నాటి సర్వర్లలో ఈ సంఖ్య 644గా ఉండేది. ఆ నమోదులో ఖాతా పేరు, సమయం, అన్నిటికన్న ముఖ్యంగా ప్రయత్నం వచ్చిన కంప్యూటరు పేరు ఉంటాయి. అక్కడి నుండి ఆ కంప్యూటరు వద్దకు వెళ్ళి చూస్తే 4625 అనే సంఖ్యతో విఫల ప్రవేశాలు కనబడతాయి. ఏ ప్రోగ్రాము తట్టినదో కూడా చాలాసార్లు తెలుస్తుంది. తెలిసిన మనిషికి ఇది పావుగంట పని. కానీ చిట్టాకు ఒక పరిమితి ఉంటుంది. అది నిండితే పాత నమోదులు చెరిగి కొత్తవి చేరుతాయి. కాబట్టి తాళం పడిన దినమే చెప్పాలి. వారం తరువాత చెబితే సాక్ష్యం మిగలకపోవచ్చు.

మేనకోడలితో నేను రెండు మాటలు చెప్పాను. ఒక చిన్న నోటు పుస్తకం పెట్టి, తాళం పడిన ప్రతిసారీ తేదీ, వేళ, అప్పుడు ఏమి చేస్తున్నదీ వ్రాయమన్నాను. ఇక మీదట ఫోను చేసినప్పుడు "తాళం తీయండి" అని మాత్రమే కాక, "ఏ యంత్రం నుండి పడిందో చూసి చెప్పండి" అని మర్యాదగా అడగమన్నాను. పాత తాళాల తేదీలు కూడా ఆమె పంపిన ఫిర్యాదులను బట్టి పుస్తకంలోకి ఎక్కించాము.

మూడవ వారం ఆ పుస్తకాన్ని ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఆగస్టులో పడినవన్నీ శనివారాలు. సెప్టెంబరులోనూ శనివారాలే, కానీ ఒక శనివారం మాత్రం ఒక్కసారి కూడా పడలేదు. సెప్టెంబరు చివరి వారంలో ప్రతి దినమూ, ప్రొద్దుటి నుండి సాయంకాలం దాకా. అక్టోబరులో మళ్ళీ శనివారాలు, వాటితోబాటు వాన కురిసిన ఒక బుధవారం. ఆమె కార్యాలయంలో ఎవరికీ ఇందులో అర్థం కనబడలేదు. నేను బడిపంతులును గనుక చూడగానే నవ్వు వచ్చింది. అవి మా బడి సెలవులు! సెప్టెంబరు చివర త్రైమాసిక పరీక్షల సెలవులు. వాన పడిన బుధవారం కలెక్టరుగారు పాఠశాలలకు సెలవు ప్రకటించారు. తాళం పడని ఆ శనివారం నాడు పాఠశాల పనిచేసింది. హాజరు పట్టీలో నా సంతకం ఉన్నది.

కార్యాలయంలోని తాళానికీ బడి సెలవుకూ సంబంధం ఏమిటి? మా అక్క ఇంట ఆమె తమ్ముడు తొమ్మిదవ తరగతి చదువుతున్నాడు. సంక్రాంతికి మేనకోడలు కొత్త ఫోను కొనుక్కుని, పాతదానిని వాడి చదువుకని ఇచ్చింది. బడి ఉన్న దినాలలో మా అక్క దానిని ఆపి బీరువాలో పెట్టి సాయంకాలం గాని ఇవ్వదు. ఆ వేళకు మేనకోడలు పని ముగించుకుని బస్సెక్కి ఉంటుంది. సాయంకాలం పడిన తాళం తెల్లవారేలోగా దానంతట అదే ఊడుతుంది. సెలవు దినాన మాత్రం ఫోను ప్రొద్దుటి నుండి వాడి చేతిలోనే. దానిలో ఆమె కార్యాలయపు మెయిలు ఖాతా అలాగే ఉన్నది. అది కొన్ని నిమిషాలకొకసారి పాత పాస్‌వర్డుతో మెయిలు కోసం అడుగుతున్నది. "ఏదో పాస్‌వర్డు తప్పని వస్తుంటే, అక్కది కదా అని పక్కకు తోసేస్తున్నాను మామా" అన్నాడు వాడు. మా అక్క విని, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరకే అన్నారా అన్నది.

మరునాడే కంప్యూటర్ల విభాగంవారి సమాధానం కూడా వచ్చింది. 4740 నమోదులో ఉన్న యంత్రం పేరు మెయిలు సర్వరుది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మెయిలు సర్వరు తట్టడమేమిటని తికమకపడతారు. అది తనకోసం తట్టడం లేదు. బయటి నుండి వచ్చిన ఫోను తరఫున తట్టుతున్నది. మెయిలు సర్వరు తన సొంత చిట్టాలో ఆ ఫోను గుర్తును వ్రాసుకుని ఉంటుంది. దానిని చూడగా మేనకోడలి పేరు మీద రెండు ఫోనులున్నట్లు కనబడింది.

అయినా ఒక సందేహం మిగిలింది. ఫోను సంక్రాంతికి ఇచ్చింది. పాస్‌వర్డు ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి మార్చింది. వేసవి సెలవులలో వాడు పగలంతా ఆ ఫోనుతోనే ఉన్నాడు. అప్పుడు పడని తాళం ఆగస్టులో ఎందుకు పడింది? విభాగాధిపతి కూడా ఇదే అడిగాడట, ఏదో కట్టుకథ అన్న అనుమానంతో. దీనికి సమాధానం మా పూర్వ విద్యార్థి చెప్పాడు. విండోస్ సర్వర్ 2003 నుండి ఒక సౌకర్యం ఉన్నది. పాత పాస్‌వర్డుల చరిత్రను సర్వరు దాచుకునే చోట, తప్పుగా వచ్చిన పాస్‌వర్డు ఇటీవలి రెండు పాతవాటిలో ఒకటైతే, ప్రవేశం ఇవ్వదు గాని దానిని తప్పుల లెక్కలో వేయదు. పాపం, అలవాటు కొద్దీ పాతది కొట్టి ఉంటారన్న దయ అన్నమాట. ఫిబ్రవరి మార్పుకు ఫోనులోని పాస్‌వర్డు ఒక మెట్టు వెనుకబడింది, మే మార్పుకు రెండు మెట్లు. ఆగస్టులో మూడవసారి మార్చగానే అది మూడవ మెట్టుకు దిగి, దయకు దూరమైంది. ఆనాటి నుండి ప్రతి ప్రయత్నమూ తప్పుగా లెక్కకు వచ్చింది. నెలనెలా మార్పించిన తొందర మార్పులు దానిని మరింత వెనక్కు నెట్టాయి తప్ప మేలు చేయలేదు. నిన్న మార్చినది కాకుండా మూడు మార్పుల క్రిందటిది నేడు తాళం వేయగలదన్నది నాకూ అప్పుడే తెలిసింది.

ఈ సందర్భాన ఇంటివారు గమనించవలసినది మరొకటి ఉన్నది. కార్యాలయపు మెయిలు కలిపిన ఫోనును దూరం నుండే తుడిచివేయగల అధికారం చాలా సంస్థల మెయిలు సర్వర్లకు ఉంటుంది. ఫోను పోయినా, దొంగిలించబడినా రహస్యాలు బయట పడకూడదని పెట్టిన ఏర్పాటు అది. ఆ ఆజ్ఞ ఇచ్చి ఉంటే మేనల్లుడి పాఠాలు, మా అక్క దాచుకున్న పెళ్ళి ఫోటోలు అన్నీ ఒక్క క్షణంలో పోయేవి. అదృష్టవశాత్తు అక్కడి అధికారి ఆ ఫోనుకు మెయిలు అందకుండా ఆపి, ఖాతా తొలగించమని మాత్రమే చెప్పాడు. ఇంట్లో చిన్నవారికి పాత ఫోను ఇచ్చేముందు సెట్టింగులలోని అకౌంట్లు అన్న చోటికి వెళ్ళి కార్యాలయపు ఖాతాను, దాచిన కార్యాలయపు వైఫైని తీసివేయాలి. ఫోటోలు వేరొకచోట దాచుకుని, ఫోనును మొదటి స్థితికి తెచ్చి ఇస్తే ఇంకా మంచిది. పాస్‌వర్డు మార్చే దినాన, అది ఎక్కడెక్కడ పెట్టి ఉన్నదో ముందు ఒక కాగితం మీద వ్రాసుకుని, అన్నిచోట్లా ఒకే పూట మార్చాలి. పాస్‌వర్డును మాత్రం ఆ కాగితం మీద వ్రాయరాదు. తాళం తీసే అధికారికి కూడా దానిని చెప్పనవసరం లేదు. తాళం తీయడానికి అతనికి అది అక్కరలేదు. అడిగితే అనుమానించవలసినదే.

ఒక్కరికి కాక, ఒకే దినాన పదిమందికి తాళం పడితే కథ వేరు. 2008 నవంబరులో బయటపడిన కాన్‌ఫికర్ అనే వైరసు తేలికైన పాస్‌వర్డుల జాబితా ఒకటి వెంట పెట్టుకుని, నెట్‌వర్కులోని ఖాతాలన్నిటి మీద ప్రయత్నిస్తూ పోయేది. అది చొరబడిన సంస్థలలో మొదట కనబడిన లక్షణాలలో ఒకటి, ఉద్యోగుల ఖాతాలకు గుంపుగా తాళాలు పడడం. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు ముందు నెలలోనే మందు విడుదల చేసింది, వేసుకోనివారు బాధపడ్డారు. నేటి దొంగలు ఇంకా తెలివి మీరి, తాళం పడకుండా ఒకే పాస్‌వర్డును వందల ఖాతాల మీద ఒక్కొక్కసారి మాత్రమే ప్రయత్నిస్తున్నారు. ఊరి పేరు, పుట్టిన సంవత్సరం కలిపి పాస్‌వర్డు పెట్టుకునేవారే వారికి సులభంగా చిక్కుతారు.

ఇంతకూ మూడు నెలలకొకసారి మార్చమనడం అవసరమా అన్నది నా అనుమానం. అమెరికా ప్రభుత్వపు ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, దొంగల చేత పడిందన్న ఆధారం లేనిదే ఊరకే మార్పించవద్దని సూచించింది. మైక్రోసాఫ్ట్ 2019లో తన భద్రతా సూచనల నుండి ఈ గడువు నియమాన్ని తొలగించింది. గడువు పెడితే జనం చివరి అంకెను మాత్రం ఒకటి పెంచి సరిపెడతారని వారికీ అనుభవమయింది. మన ప్రాంతపు సంస్థలలో పలుచోట్ల పాత నియమమే నడుస్తున్నది. నడిచినంతకాలం ఉద్యోగి దానికి లోబడవలసినదే.

మేనకోడలు తన నోటు పుస్తకంలోని తేదీలను, మా పాఠశాల సెలవుల పట్టికను పక్కపక్కన పెట్టి విభాగాధిపతికి చూపింది. సర్వరు నమోదులను కంప్యూటర్ల విభాగంవారు జతచేశారు. మెమోను ఆమె ఫైలు నుండి తీసివేశారు. ఆ తరువాత వచ్చిన అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు గడిచాయి. ఖాతాకు ఒక్కసారీ తాళం పడలేదు.